గోడో ఏ ఊళ్ళు తిరిగాడు? ఒక నాటకం ప్రదర్శన చరిత్ర రాయడం ఎలా

నాటకం వేస్తున్నారంటే చాలు, ఎవరో ఒకరు బ్రోషర్ పని మన నెత్తిన పెడతారు. "ఏముంది, ఎప్పుడు రాశారు, మొదట ఎక్కడ ఆడారు, బయటి దేశాల్లో ఎలా ఆడింది, రెండు పేజీలు రాసివ్వు, అంతే" అంటారు. నేను మొదటిసారి ఆ పని చేసినప్పుడు నెట్‌లో దొరికిన తేదీలన్నీ వరసబెట్టి దించేసి, కింద నా పేరు వేసుకుని తెగ సంబరపడ్డాను. ప్రదర్శన రోజు ముందు వరసలో కూర్చున్న ఒక పెద్దాయన దాన్ని ఓపిగ్గా చదివి, మడిచి జేబులో పెట్టుకుంటూ "బాబూ, ఇది బస్టాండులో టైం బోర్డులా ఉంది" అన్నారు. అంతటితో పోలేదు, అందులో ఒక తేదీ తప్పు కూడా. పుస్తకం అచ్చయిన ఏడాదిని మొదటి ప్రదర్శన ఏడాదిగా వేసేశాను.

తర్వాత ఇంకో నాలుగైదు నాటకాలకు ఇదే పని చేశాక నాకంటూ ఒక పద్ధతి కుదిరింది. అదే ఇక్కడ చెప్తున్నాను. ఉదాహరణకి ఐరిష్ రచయిత శామ్యూల్ బెకెట్ 'గోడో కోసం ఎదురుచూస్తూ' (ఇంగ్లీషులో 'వెయిటింగ్ ఫర్ గోడో') తీసుకుంటున్నా. వ్లదిమీర్, ఎస్ట్రగాన్ అనే ఇద్దరు మనుషులు ఒక చెట్టు దగ్గర గోడో అనే ఆయన కోసం ఎదురుచూస్తుంటారు, ఆయన రాడు, మర్నాడు మళ్ళీ చూస్తారు, మళ్ళీ రాడు. పిల్లాడితో కలిపి రంగం మీదికి వచ్చేది ఐదుగురు. సామాను తక్కువ కాబట్టి ఈ నాటకం ఎక్కడికంటే అక్కడికి వెళ్ళింది. జైళ్ళకి, యుద్ధం జరుగుతున్న ఊరికి, వరదలో కొట్టుకుపోయిన వాడకి, కోర్టు మెట్ల మీదికి కూడా. పద్ధతి నేర్చుకోవడానికి ఇంతకంటే మంచి నాటకం నాకు తోచలేదు.

ముందు మూడు తేదీలు విడదీయండి

రాసిన తేదీ, అచ్చయిన తేదీ, ఆడిన తేదీ. మూడూ వేరు, మధ్యలో ఉన్న ఖాళీల్లోనే కథంతా ఉంటుంది. గోడోని బెకెట్ ఫ్రెంచిలో 1948 అక్టోబర్ 9న మొదలుపెట్టి 1949 జనవరి 29న పూర్తి చేశాడు. పుస్తకంగా వచ్చింది 1952 అక్టోబర్‌లో. రంగం మీదికి ఎక్కింది 1953 జనవరి 5న, ప్యారిస్‌లో థియేటర్ ద బాబిలోన్ అనే చిన్న హాల్లో. అంటే రాశాక నాలుగేళ్ళు పట్టింది.

ఆ నాలుగేళ్ళూ ఏం జరిగిందో వెతకండి. బెకెట్ మొహమాటస్తుడు, స్క్రిప్టు పట్టుకుని గుమ్మాల చుట్టూ తిరిగింది ఆయన సహచరి సుజాన్. చివరికి రోజే బ్లాన్ అనే నటుడు, దర్శకుడు ఒప్పుకున్నాడు. ఆయన చేతికి బెకెట్ రాసిన ఇంకో నాటకం కూడా వచ్చింది, అందులో పాత్రలు పదిహేడు. బ్లాన్ లెక్క వేసుకున్నాడు. గోడోకయితే నలుగురు నటులు, ఒక కుర్రాడు, ఒక చెట్టు. డబ్బుల్లేక గోడోని ఎంచుకున్నాడు! ఇరవయ్యో శతాబ్దపు నాటకాన్ని మలుపు తిప్పిన ప్రదర్శన వెనక ఉన్నది బడ్జెట్ లెక్క అని తెలిసినప్పుడు, పరిషత్తు పోటీలకి "పాత్రలు తక్కువున్న నాటిక ఉంటే చెప్పండి" అని ఫోన్లు చేసే మన నాటక సమాజాలు గుర్తొచ్చి నవ్వొచ్చింది.

మన దగ్గరా ఇదే చిక్కు. కన్యాశుల్కం 1892లో విజయనగరంలో మొదట ఆడారు, 1897లో అచ్చయింది, 1909లో గురజాడ దాన్ని దాదాపు కొత్తగా తిరగరాసి మళ్ళీ వేశారు. కాబట్టి ఎవరైనా "కన్యాశుల్కం ఆడాం" అంటే ఏది ఆడారు, ఎంత కోసి ఆడారు అని అడగాల్సిందే. మొత్తం ఆడితే తెల్లారిపోతుంది మరి.

ఏదో ఒక వస్తువుని పట్టుకోండి

ఇది నేను కష్టపడి నేర్చుకున్నది. దేశాల పేర్లు, నటుల పేర్లు వరసగా చెప్తే ఎవరికీ గుర్తుండవు. నాటకంలో ఏదైనా ఒక వస్తువునో, ఒక చేష్టనో పట్టుకుని అది ఊరూరా ఏమైందో చూడండి. గోడోలో నేను పట్టుకున్నది రెండు: ప్యాంటు, చెట్టు.

నాటకం చివర్లో ఇద్దరూ ఉరేసుకుందామా అనుకుంటారు. తాడు లేదు. ఎస్ట్రగాన్ తన నడుముకి కట్టుకున్న తాడు విప్పి ఇస్తాడు, వెంటనే ఆ వదులు ప్యాంటు జారి కాళ్ళ దగ్గర పడుతుంది, అతను గమనించడు. ప్యారిస్‌లో ఆ వేషం వేసిన పియేర్ లతూర్‌కి సిగ్గేసింది. చావు గురించి మాట్లాడుతున్నప్పుడు జనం నవ్వితే ఎలా అని ప్యాంటుని సగంలోనే పట్టుకునేవాడు. మొదటి ఆట అయిన నాలుగో రోజున, 1953 జనవరి 9న, బెకెట్ బ్లాన్‌కి ఉత్తరం రాశాడు, ప్యాంటు పూర్తిగా పడాల్సిందే, మడమల దాకా పడాలి అని. ఆ ఉత్తరం దొరికినవాడికి నాటకం సగం అర్థమైనట్టే. నవ్వూ చావూ ఒకే క్షణంలో రావాలన్నది ఆయన పట్టుదల. అది ఏ విమర్శ వ్యాసంలోకన్నా ఆ ప్యాంటులోనే బాగా కనిపిస్తుంది.

ఇక చెట్టు. మొదటి అంకంలో మోడు, రెండో అంకంలో నాలుగైదు ఆకులు. అంతే రాశాడు బెకెట్. 1961లో ప్యారిస్‌లో ఓడియాన్ థియేటర్‌లో మళ్ళీ వేసినప్పుడు ఆ చెట్టుని ప్రసిద్ధ శిల్పి అల్బెర్తో జకొమెట్టి చేశాడు. ఆయనా బెకెట్టూ పాత స్నేహితులు. ఇద్దరూ కలిసి రాత్రంతా ఆ ప్లాస్టర్ చెట్టుని ఇటు మార్చి, అటు మార్చి, పెద్దగా ఉందని, చిన్నగా ఉందని, కొమ్మలు సన్నం చేసి చూసి, ఎంతకీ నచ్చక ఒకరితో ఒకరు "ఏమో" అనుకుంటూ కూర్చున్నారని జకొమెట్టే చెప్పుకున్నాడు. 2025లో న్యూయార్క్ హడ్సన్ థియేటర్‌లో కియానూ రీవ్స్, అలెక్స్ వింటర్ వేసినప్పుడయితే దర్శకుడు జేమీ లాయిడ్ చెట్టే పెట్టలేదు. రంగమంతా ఒక పెద్ద గుండ్రటి సొరంగం. నచ్చనివాళ్ళు గొడవపెట్టారు, నచ్చినవాళ్ళు సినిమా హీరోని చూసి వచ్చారు. అది వాళ్ళిష్టం. మీ పని చెట్టు ఎక్కడ పోయిందో రాసిపెట్టడం.

అనుమతి ఎవరిచ్చారు?

ప్రతి ప్రదర్శన దగ్గరా అడగాల్సిన మొదటి ప్రశ్న ఇదే. ఇంగ్లండులో 1968 దాకా ఏ నాటకం బహిరంగంగా ఆడాలన్నా లార్డ్ ఛాంబర్లేన్ ఆఫీసు చదివి సరే అనాలి. గోడో స్క్రిప్టు వాళ్ళ దగ్గరికి వెళ్ళింది, కొన్ని మాటలు తీసెయ్యమన్నారు, బెకెట్ కొన్నిటికి దిగాడు, కొన్నిటికి ససేమిరా అన్నాడు. దారి ఏం దొరికిందంటే, ప్రైవేటు క్లబ్బుల్లో ఆడితే ఆ లైసెన్సు అక్కర్లేదు. అలా 1955 ఆగస్టు 3న లండన్‌లో ఆర్ట్స్ థియేటర్ అనే క్లబ్బు హాల్లో పూర్తి పాఠంతో ఆడారు. దర్శకుడు పీటర్ హాల్‌కి అప్పుడు 24 ఏళ్ళు. బాగా ఆడటంతో సెప్టెంబర్ 12న క్రైటీరియన్ అనే మామూలు థియేటర్‌కి మార్చారు, అక్కడ మాత్రం కత్తెర పడిన పాఠం.

ఇక్కడ చాలామంది బోల్తా కొట్టే విషయం ఒకటుంది. ఇంగ్లీషు అనువాదం బెకెట్ తనే చేశాడు కాబట్టి ఇంగ్లీషు గోడో ఒక్కటే అనుకుంటాం. 1954లో అమెరికాలో వచ్చిన పుస్తకం వేరు, 1956లో లండన్‌లో వచ్చిన పుస్తకం వేరు. లండన్‌ది ఆ కత్తిరించిన ప్రతి, పూర్తి పాఠం అక్కడ 1965లో గానీ రాలేదు. మీ చేతిలో ఉన్న పుస్తకం ఏదో చూసుకోకుండా "బెకెట్ ఇక్కడ ఈ మాట వాడాడు" అని రాస్తే పరువు పోతుంది.

సెన్సారు గురించి ఒక మంచి మాట కూడా చెప్పాలి. నాటకాన్ని అడ్డుకున్న ఆఫీసే నాటకాన్ని దాచిపెట్టింది కూడా. లార్డ్ ఛాంబర్లేన్ ఆఫీసుకి వచ్చిన స్క్రిప్టులు, వాటి మీద అధికారులు రాసిన అభిప్రాయాలు ఇప్పుడు బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి. మనకీ 1876 నాటక ప్రదర్శనల చట్టం బ్రిటిష్ వాళ్ళు పెట్టిపోయిందే, కేంద్రం దాన్ని 2018లో రద్దు చేసింది. పాత నాటకాల గురించి వెతికేటప్పుడు పోలీసు అనుమతి కాగితాలు దొరికితే చిత్తు కాగితాలని పారేయకండి, ఏ తేదీన, ఏ హాల్లో, ఎవరి పూచీ మీద ఆడారో దాంట్లోనే ఉంటుంది.

అనుమతి ఇవ్వాల్సింది ప్రభుత్వమే కానక్కర్లేదు, రచయిత కూడా. ఐదు పాత్రలూ మగవాళ్ళే వెయ్యాలన్నది బెకెట్ పట్టు. 1988లో నెదర్లాండ్స్‌లో హార్లెం ఊళ్ళో ఆడవాళ్ళతో వేస్తే ఆయన కోర్టుకెళ్ళాడు, కేసు ఓడిపోయాడు. కోపంతో ఆ దేశంలో తన నాటకాలే ఆడొద్దన్నాడు. 1991లో ఫ్రాన్స్‌లో అలాంటి కేసులోనే జడ్జి ఆడనిచ్చారు, 1992లో వచ్చిన తీర్పు మాత్రం ఆయన వారసుల వైపు వచ్చింది. 2006లో ఇటలీలో పోంతెదేరా బృందం ఇద్దరు కవల అక్కచెల్లెళ్ళతో వేస్తే అక్కడి కోర్టు వెయ్యనిచ్చింది. 2023లో నెదర్లాండ్స్‌లోనే గ్రోనింగెన్‌లో ఇంకో చిత్రం జరిగింది. ఆడిషన్స్‌కి మగవాళ్ళనే పిలిచారని, అది వివక్ష అని, ఒక విశ్వవిద్యాలయ సాంస్కృతిక కేంద్రం విద్యార్థుల ప్రదర్శనని ఆపేసింది. ఒకే నాటకం, ఒకే నియమం, దేశాన్నిబట్టి, ఏడాదినిబట్టి తప్పు ఎవరిదో మారిపోతోంది. నా మటుకు నాకు ఆ నియమం మొండితనంగానే అనిపిస్తుంది, అయినా మీరు వేస్తున్నట్టయితే రాతపూర్వకంగా అనుమతి తీసుకోండి. బెకెట్ పోయింది 1989 డిసెంబర్‌లో. మన చట్టం ప్రకారం రచయిత పోయాక 60 ఏళ్ళు హక్కులుంటాయి, అంటే 2049 చివరి దాకా. తెలుగు చేసుకుని ఆడినా అదే లెక్క, "మేం అనువాదం చేసుకున్నాం కదా" అంటే కుదరదు.

పోస్టర్లు చదవండి

రివ్యూల కంటే ముందు ప్రకటనలు చూడమంటాను. ఎందుకంటే జనం ఏమనుకుని వచ్చారో ప్రకటనలోనే తెలుస్తుంది, వచ్చాక ఏమైందో తర్వాత. అమెరికాలో గోడో మొదట ఆడింది న్యూయార్క్‌లో కాదు, మయామీలో. 1956 జనవరి 3న, కోకోనట్ గ్రోవ్ ప్లేహౌస్‌లో. దర్శకుడు అలన్ ష్నైడర్. ఎస్ట్రగాన్‌గా బర్ట్ లార్, వ్లదిమీర్‌గా టామ్ యూవెల్, ఇద్దరూ పేరున్న హాస్యనటులు. ప్రకటనలో "రెండు ఖండాలను నవ్వుల్లో ముంచెత్తిన నాటకం" అన్న అర్థం వచ్చేలా వేశారు. చలికాలం సెలవులకి సముద్రం ఒడ్డుకొచ్చిన డబ్బున్న జనం, మంచి బట్టలు వేసుకుని, భోజనం చేసి, కడుపుబ్బ నవ్వుదామని వచ్చారు. ఎదురుగా చెట్టు దగ్గర ఇద్దరు దేశదిమ్మరులు, ఒకడు బూటు ఊడదీసుకోలేక తంటాలు పడుతున్నాడు. మొదటి అంకం అయ్యేసరికి సగం హాలు ఖాళీ. విరామం టైముకి టాక్సీవాళ్ళు బేరాల కోసం బయట వరసకట్టారని కూడా చెప్పుకుంటారు.

తర్వాత దర్శకుడు మారాడు, లార్ మాత్రం ఉన్నాడు, ఏప్రిల్ 19న న్యూయార్క్ బ్రాడ్‌వేలో జాన్ గోల్డెన్ థియేటర్‌లో ఆడారు. ఈసారి నిర్మాత ప్రకటన తిప్పి వేశాడు. సరదా కాలక్షేపం కోసమైతే రాకండి, ఆలోచించేవాళ్ళే రండి అని. ఆడింది అదే నాటకం, వచ్చిన జనం వేరు. మయామీలో నాటకం ఫ్లాప్ అయిందని రాసేస్తే సగం నిజమే అవుతుంది, ఫ్లాప్ అయిన వాటిలో ప్రకటన కూడా ఉంది.

రివ్యూల విషయంలో చిన్న జాగ్రత్త. మర్నాటి పేపర్లు చూసి ఆగిపోవద్దు. లండన్‌లో మొదటి ఆట బుధవారం. తర్వాతి రోజుల్లో వచ్చిన రివ్యూలు చాలావరకు విసుక్కున్నాయి. ఆదివారం, ఆగస్టు 7న, హెరాల్డ్ హాబ్సన్, కెన్నెత్ టైనన్ అనే ఇద్దరు విమర్శకులు చెరో పత్రికలో మెచ్చుకుంటూ రాశారు, దాంతో గాలి మారింది. నాలుగు రోజుల తేడా. గురువారం పేపరు ఒక్కటే చూసినవాడు ఒక చరిత్ర రాస్తాడు, ఆదివారం దాకా తిరగేసినవాడు ఇంకోటి రాస్తాడు.

ఎవరు చూశారు?

బయటి దేశాల ప్రదర్శనల గురించి రాసేటప్పుడు మనం దర్శకుడి పేరు, నటుల పేర్లు వేసి ఊరుకుంటాం. కుర్చీల్లో ఎవరున్నారో రాయం. గోడో విషయంలో అది రాయకపోతే ఏమీ రాయనట్టే.

1957 నవంబర్ 19న శాన్ ఫ్రాన్సిస్కో యాక్టర్స్ వర్క్‌షాప్ వాళ్ళు, హెర్బర్ట్ బ్లావ్ దర్శకత్వంలో, కాలిఫోర్నియాలో శాన్ క్వెంటిన్ జైల్లో ఆడారు. చూసింది దాదాపు 1400 మంది ఖైదీలు. ఈ నాటకాన్ని ఎంచుకోవడానికి ఒక కారణం అందులో ఆడపాత్రలు లేకపోవడమేనట! మయామీలో డబ్బున్నవాళ్ళు లేచిపోయిన నాటకాన్ని ఈ ఖైదీలు కదలకుండా చూశారు. రిక్ క్లూచీ అనే ఖైదీని ఆ రాత్రి హాల్లోకి రానివ్వలేదు, తన గదిలోంచే లౌడ్‌స్పీకర్లో విన్నాడు. వినే నాటకాల మనిషయిపోయాడు. తర్వాత జైల్లోనే బృందం కట్టాడు, విడుదలయ్యాక బెకెట్‌తోనే కలిసి పనిచేశాడు.

ఇక్కడ మీకో ప్రలోభం వస్తుంది. "పండితులకి అర్థం కానిది ఖైదీలకి అర్థమైంది" అని ఒక వాక్యం కొట్టెయ్యాలని చెయ్యి దురద పెడుతుంది. కొట్టొద్దు, అందరూ కొట్టేశారు. దానికి బదులు దీనికంటే ముందటి ఆట వెతకండి. 1953 నవంబర్‌లోనే, ప్యారిస్‌లో మొదలై ఏడాది నిండకముందే, జర్మనీలో లుట్రింగ్‌హౌజెన్ జైల్లో ఒక ఖైదీ ఫ్రెంచి పుస్తకం సంపాదించి, తనే జర్మన్ చేసుకుని, తోటివాళ్ళతో ఆడించాడు. మరుసటి ఏడాది బెకెట్‌కి ఉత్తరం కూడా రాశాడు. శాన్ క్వెంటిన్ పేరు వచ్చినంతగా ఈ ఆట పేరు రాదు. ఇది జర్మన్‌లో జరిగింది, అది ఇంగ్లీషులో జరిగింది, అంతకుమించి కారణం ఉందనుకోను. అందుకే ఆ భాషలో నాటకం పేరేమిటో తెలుసుకుని దాంతో వెతకండి. ఫ్రెంచిలో 'ఆన్ అతాందాన్ గోడో', జర్మన్‌లో 'వార్టెన్ ఔఫ్ గోడో'. ఇంగ్లీషు పేరుతో వెతికితే ఇంగ్లీషువాళ్ళు చూసినవే దొరుకుతాయి.

1980లో దక్షిణాఫ్రికాలో, కేప్ టౌన్ బాక్స్టర్ థియేటర్ ప్రదర్శనలో వ్లదిమీర్, ఎస్ట్రగాన్‌గా జాన్ కానీ, విన్‌స్టన్ న్చోనా అనే నల్లజాతి నటులు వేశారు. బయటి దేశాలూ తిరిగింది, 1981లో లండన్ ఓల్డ్ విక్‌లో ఆడింది. నేను దీని గురించి మొదట చదివినప్పుడు, మెడకి తాడుతో యజమాని పోజో సామాను మోసే లక్కీ కూడా నల్లవాడే అయి ఉంటాడని నాకు నేనే ఊహించేసుకున్నాను. కాదు, పోజో, లక్కీ ఇద్దరూ తెల్లవాళ్ళే. నటుల జాబితా చూడకుండా రాసి ఉంటే మళ్ళీ బస్టాండు బోర్డే అయ్యేది, ఈసారి తప్పు బస్సులతో. వర్ణవివక్ష పాటించే హాళ్ళలో తన నాటకాలు ఆడనివ్వనని బెకెట్ అంతకుముందే పట్టుబట్టిన మనిషి, కాబట్టి ఈ ప్రదర్శనలో ఎవరు ఆడారన్నదానితో పాటు ఎవరెవరు పక్కపక్కన కూర్చుని చూశారన్నదీ రాయాలి. 1984లో ఇజ్రాయెల్‌లో హైఫా మున్సిపల్ థియేటర్‌లో ఇలాన్ రోనెన్ దర్శకత్వంలో ఆ ఇద్దరూ అరబ్ భవన కార్మికులయ్యారు, హీబ్రూ, అరబిక్ రెండూ వినిపించాయి.

బోస్నియాలోని సరయేవో గురించి కాస్త ఆగి చెప్పాలి. 1993 ఆగస్టు 17. ఊరు ముట్టడిలో ఉంది, కరెంటు లేదు. అమెరికన్ రచయిత్రి సూసన్ సోంటాగ్ అక్కడికి వెళ్ళి స్థానిక నటులతో గోడో వేసింది. రంగం మీద కొవ్వొత్తుల వెలుగు. వ్లదిమీర్, ఎస్ట్రగాన్‌లు ఒక జత కాదు, మూడు జతలు. పోజోగా ఒక నటి వేసింది. మొదటి అంకం మాత్రమే ఆడారు. తిండి సరిగ్గా లేక నటులు నీరసంగా ఉండేవాళ్ళు, రిహార్సల్స్‌లో తమ వంతు లేనప్పుడు నేల మీద పడుకునేవాళ్ళు. రాత్రిపూట వీధుల్లో తిరిగే పరిస్థితి లేక ఆటలు మధ్యాహ్నాలే పెట్టారు. గోడో ఇవాళ రాడు, రేపు తప్పక వస్తాడు అని కుర్రాడు చెప్పాక వచ్చే నిశ్శబ్దంలో బయటి నుంచి రెండు చప్పుళ్ళే వినిపించాయని సోంటాగ్ రాసింది, ఐక్యరాజ్యసమితి సాయుధ వాహనం వెళ్తున్న మోత, స్నైపర్ తుపాకీ పేలిన చప్పుడు.

ఈ వివరాలు చాలావరకు సోంటాగ్ సొంత వ్యాసంలోవే. దర్శకులు తమ నాటకం గురించి రాసింది చదవండి, కానీ ఒక్క దాని మీదే నిలబడొద్దు. నటులు ఇచ్చిన ఇంటర్వ్యూలు, అక్కడికి వచ్చిన విలేకరులు రాసినవి పక్కన పెట్టుకుని చూడండి. వేసిన మనిషికీ చూసిన మనిషికీ గుర్తుండేవి వేరు. మన సమాజాల్లో అయితే మరీను, ఒకే ప్రదర్శన గురించి దర్శకుడిని అడిగితే వన్స్ మోర్‌లు గుర్తొస్తాయి, ఆర్గనైజర్‌ని అడిగితే మైకు పోయిన సంగతి గుర్తొస్తుంది.

2007 నవంబర్‌లో న్యూ ఆర్లీన్స్‌లో పాల్ చాన్ అనే కళాకారుడు, క్లాసికల్ థియేటర్ ఆఫ్ హార్లెం వాళ్ళతో కలిసి, కత్రినా తుఫానులో ఇళ్ళు తుడిచిపెట్టుకుపోయిన లోయర్ నైన్త్ వార్డ్‌లో నాలుగు రోడ్ల కూడలిలో ఆరుబయట, ఉచితంగా గోడో వేయించాడు. సెట్ వెయ్యాల్సిన పనే లేదు. ముందుగా ఊరంతా చిన్న చిన్న బోర్డులు పెట్టారు. వాటి మీద నాటకం మొదట్లో ఉండే రంగ సూచన తప్ప ఏమీ లేదు: ఒక పల్లె దారి, ఒక చెట్టు, సాయంత్రం.

దర్శకుడి నోటుపుస్తకం

దొరికితే అదృష్టమే. 1975లో బెర్లిన్ షిల్లర్ థియేటర్‌లో బెకెట్ తనే గోడోకి దర్శకత్వం చేశాడు, ఆయన రాసుకున్న నోట్సు తర్వాత అచ్చయింది. రాసిన పాతికేళ్ళకి తన నాటకాన్నే కత్తిరించాడు, మార్చాడు, ఎవరు ఎన్నడుగులు ఎటు వెయ్యాలో గుర్తులు పెట్టుకున్నాడు. వ్లదిమీర్‌గా వేసినాయన పొడుగు, ఎస్ట్రగాన్‌గా వేసినాయన పొట్టి. ఒకరి కోటు మీదికి ఇంకొకరి ప్యాంటు అన్నట్టు బట్టలు కలిపేసి, రెండో అంకంలో వాటిని తారుమారు చేశాడు. మళ్ళీ ప్యాంటు దగ్గరికే వచ్చాం చూశారా? అందుకే ఒక వస్తువుని పట్టుకోమన్నది.

మన దేశం దగ్గరికి వస్తే, నసీరుద్దీన్ షా, బెంజమిన్ గిలానీ మోట్లీ బృందాన్ని ఈ నాటకంతోనే మొదలుపెట్టారు, 1979 జూలైలో, ముంబయి పృథ్వీ థియేటర్‌లో. ఇలాంటివి వెతకడానికి ఢిల్లీలో సంగీత నాటక అకాడమీ, నటరంగ్ ప్రతిష్ఠాన్ ఉన్నాయి. బయటివాటికి, బెకెట్ కాగితాలు ఇంగ్లండులో రెడింగ్ విశ్వవిద్యాలయంలో ఉన్నాయి, ఉత్తరాలు నాలుగు సంపుటాలుగా అచ్చయ్యాయి, అమెరికా ప్రదర్శనల వీడియోలు న్యూయార్క్ పబ్లిక్ లైబ్రరీ దాచిపెడుతుంది. బ్రాడ్‌వే వరకు తేదీలు, నటుల పేర్లు ఆన్‌లైన్‌లోనే దొరుకుతాయి, దానికి పెద్ద కష్టం లేదు. ఈమెయిల్ రాసి అడిగితే లైబ్రరీవాళ్ళు జవాబిస్తారు. మొహమాటపడకండి, మరీ రెండు పేజీల ఈమెయిల్ రాయకండి.

రాసుకునేటప్పుడు ప్రతి ప్రదర్శనకీ ఒక కార్డు చొప్పున పెట్టుకోండి, ఫోన్లో నోట్సయినా సరే. నాది ఇలా ఉంటుంది:

మయామీ, కోకోనట్ గ్రోవ్ ప్లేహౌస్, 1956 జనవరి 3. ఇంగ్లీషులో, దర్శకత్వం ష్నైడర్. లార్, యూవెల్. చూసింది సెలవులకి వచ్చినవాళ్ళు. ప్రకటన: నవ్వుల నాటకం. సగం మంది విరామంలో వెళ్ళారు. తర్వాత న్యూయార్క్, ఏప్రిల్ 19, దర్శకుడు వేరు, ప్రకటన వేరు.

ఇలాంటివి ఇరవై పోగయ్యాక బల్ల మీద పరిచి చూస్తే ఏవి పక్కపక్కన కూర్చుంటాయో వాటికవే తెలుస్తాయి. నాకు మయామీ కార్డూ శాన్ క్వెంటిన్ కార్డూ అలాగే కలిశాయి. బ్రోషర్‌కి రెండు పేజీలే కాబట్టి నాలుగైదు కార్డులు చాలు, మిగతావి దాచుకోండి.

ఒక చివరి పని. మీ సొంత ప్రదర్శన అయిపోయి సామాను ఆటోలో వేస్తున్నప్పుడు, బ్రోషర్ ఒకటి, ఆహ్వానపత్రం ఒకటి, లైట్లాయన క్యూ షీటు, హాలు అద్దె రసీదు ఒక కవర్లో పెట్టి పక్కనుంచండి. నేను పాత తెలుగు నాటకాల ఆహ్వానపత్రాలు తిరగేసినప్పుడల్లా తల పట్టుకునేది ఒక్క విషయానికే. తేదీ ఉంటుంది, వారం ఉంటుంది, సాయంత్రం 6.30కి సకాలంలో ప్రారంభమని కూడా ఉంటుంది, సంవత్సరం మాత్రం ఉండదు. కవరు అంటించేముందు పెన్నుతో సంవత్సరం రాయండి.